నాన్నగారి హీలియోస్ 44-2 లెన్సులో మసక, బూజు: ఇంట్లో విప్పవచ్చా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1979లో విశాఖపట్నంలో కొన్న జెనిట్-ఇ ఫిల్ము కెమెరా ఉంది. దానికున్న లెన్సు హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్/2. సీరియల్ నంబరు 77తో మొదలవుతుంది. మా అన్నయ్య పుట్టినప్పటి నుంచి నా పెళ్లి దాకా ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ఈ ఒక్క లెన్సుతో తీసినవే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ కెమెరా మందస దగ్గర మా పాత ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. పెంకులు ఎగిరిపోయి పెట్టె తడిసింది. చాలా రోజులు కరెంటు లేదు, దారులు లేవు. మేం వెళ్లి తెరిచేసరికి తోలు కవరు పచ్చగా బూజు పట్టి ఉంది. పైపైన తుడిచి బీరువాలో పెట్టేశాం.

ఇన్నాళ్లకు డిజిటల్ మిర్రర్‌లెస్ కెమెరాకు ఈ లెన్సును బిగించే అడాప్టర్ కొని పెట్టి చూశాను. ఎదురు వెలుతురు పడితే చాలు, బొమ్మంతా పాలు కలిపినట్టు తెల్లబడుతోంది. లెన్సు వెనుక నుంచి చూస్తే అంచున సాలెగూడులా సన్నని గీతలు. ఫోకస్ రింగు ముదురుపాకంలో ఇరుక్కున్నట్టు బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పాలి.

దీన్ని ఇంట్లోనే విప్పి శుభ్రం చేయవచ్చా? బయట ఎవరికీ ఇవ్వొద్దని నాన్నగారు గట్టిగా చెప్పారు. ఆయనకు 74 ఏళ్లు.

పాత_స్టూడియో (పలాస), శనివారం రాత్రి 10:02

అమ్మా, మీ నాన్నగారి మాట నాకు అర్థమైంది. నేను నలభై ఏళ్లు స్టూడియో నడిపాను. ఒకసారి నా యాషికా లెన్సు ఊరవతల ఒక షాపులో శుభ్రం చేయమని ఇస్తే, ముందు గాజు మీద చుట్టూ గీతలు పెట్టి తిరిగిచ్చారు. ఆ లెన్సుతో మళ్లీ పోర్ట్రెయిట్ తీయలేకపోయాను. అప్పటి నుంచి నావి నేనే చూసుకుంటున్నాను.

అయితే స్క్రూడ్రైవర్ పట్టకముందు చేయాల్సిన పని ఒకటుంది. మసక ఏ గాజు మీద ఉందో తేల్చుకోవాలి. ఈ లెన్సులో ఆరు గాజులు నాలుగు భాగాలుగా ఉంటాయి. ముందు ఒక విడి గాజు, దాని వెనక రెండు గాజులు అతికించిన జంట. తర్వాత వెలుతురు ఎంత రావాలో సర్దే అపెర్చర్ రేకులు. రేకుల వెనక మళ్లీ ఒక జంట, చివర ఒక విడి గాజు. గాలి తగిలే ముఖాలు మొత్తం ఎనిమిది. ఎనిమిదీ చెడిపోవు, సాధారణంగా రెండో మూడో ఉంటాయి.

గదిలో లైటు ఆర్పండి. అపెర్చర్ పూర్తిగా మూయండి, అంటే ఎఫ్/16కి. టార్చి ఏటవాలుగా పట్టి ముందు నుంచి చూడండి. రేకుల కన్నా ఇవతల కనిపించేదంతా ముందు గుంపులో, అంటే రేకులకు ముందున్న మూడు గాజుల్లో, ఉన్నట్టు. లెన్సు తిప్పి వెనక నుంచి కూడా అలాగే చూడండి. తర్వాత అపెర్చర్ తెరిచి, లెన్సును కొద్దిగా అటూ ఇటూ వంచండి. మచ్చ రేకుల అంచుతో పాటే కదిలితే అది రేకుల పక్క ముఖం మీద ఉన్నట్టు. ఎక్కువ జరిగితే దూరంగా ఉన్నట్టు.

ఇంకొకటి. గాజు అంచున ఇంద్రధనుస్సు రంగుల్లో, నీళ్ల మీద నూనె తేలినట్టు కనిపిస్తుందా? కనిపిస్తే జంట గాజుల మధ్య అతుకు విడిపోతున్నట్టు. అది ఇంట్లో చేసే పని కాదు. అలా ఉంటే విప్పకుండా ఇక్కడ చెప్పండి.

ఏడురోడ్ల_కుర్రాడు (శ్రీకాకుళం), శనివారం రాత్రి 10:40

అక్కా, నేనూ పోయినేడు ఇదే లెన్సు ఆన్‌లైన్‌లో కొని విప్పాను. వీడియో చూస్తూ ఒక్క రాత్రిలో అన్నీ ఊడదీశాను. అపెర్చర్ రింగు తీయగానే ఎనిమిది రేకులూ టేబుల్ మీద పడ్డాయి. మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చాలి, చివరి రేకు మొదటి రేకు కిందికి పోవాలి. మూడు రోజులు కూర్చున్నా నా వల్ల కాలేదు. ఇప్పటికీ కవరులో ఉన్నాయి. మీ అపెర్చర్ బాగా తిరుగుతుంటే అటు వైపు వెళ్లొద్దు.

గాజు మాత్రం మెడికల్ షాపు స్పిరిట్‌తో తుడిచాను, బాగానే వచ్చింది.

బొబ్బిలి_కెమిస్ట్రీ (బొబ్బిలి), ఆదివారం ఉదయం 6:55

తమ్ముడూ, స్పిరిట్ మాట దగ్గర ఆగాలి. దెబ్బలకు రాసే సర్జికల్ స్పిరిట్‌లో నూనె స్వభావం ఉన్న పదార్థాలు కలుపుతారు. ఆరాక గాజు మీద సన్నని పొర మిగులుతుంది. నీకు అప్పటికి కనపడకపోవచ్చు, ఎదురు వెలుతురులో కనపడుతుంది. శానిటైజర్ ఇంకా నయం అనుకోవద్దు, దాంట్లో గ్లిజరిన్ ఉంటుంది. గాజుకు కావాల్సింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది.

మేడమ్, మీకు మసక, బూజు రెండూ ఉన్నట్టున్నాయి. వీటి వైద్యం వేరు. మసక సాధారణంగా ఫోకస్ రింగులోని పాత గ్రీజు నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి వేడికి దాంట్లో నూనె ఆవిరై లోపలి గాజు మీద, ముఖ్యంగా రేకులకు రెండు వైపులా, పేరుకుంటుంది. ఇది ఆల్కహాల్‌కు పోతుంది. బూజు జీవి. దాన్ని చంపి తీయాలి. మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. దూదితో కాకుండా లెన్స్ టిష్యూ తడిపి గాజు మీద కొద్ది నిమిషాలు పరిచి ఉంచండి. తర్వాత బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, చివరగా ఆల్కహాల్. కొళాయి నీళ్లు వద్దు, ఉప్పు మరకలు మిగులుతాయి.

జంట గాజును దేంట్లోనూ నానబెట్టొద్దు. పాత లెన్సుల్లో ఆ అతుకు కెనడా బాల్సమ్ అనే చెట్టు బంక. అసిటోన్‌కు కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ అసలు దగ్గరికి రానివ్వొద్దు. గాజు అంచుకు నల్లరంగు పూసి ఉంటుంది, ఆల్కహాల్ ఎక్కువైతే అదీ లేచిపోతుంది. టిష్యూ చెమ్మగా ఉండాలి, కారకూడదు.

లోహపు భాగాల గ్రీజు వదలడానికి లైటర్‌లో పోసే పెట్రోల్ వాడండి. కిరోసిన్ జిడ్డు వదిలిపోతుంది. ఈ పని చేసేటప్పుడు ఇంట్లో దీపం, అగరబత్తి, స్టవ్వు ఏదీ వెలుగుతూ ఉండకూడదు. కిటికీలు తెరిచి ఉంచండి.

నాగావళి_గట్టు, ఆదివారం మధ్యాహ్నం 2:15

అందరికీ ధన్యవాదాలు. టార్చి వేసి చూశాను. ముందు గుంపులో రేకుల పక్క ముఖం మీద తెల్లని మసక. వెనక గుంపులోనూ రేకుల పక్కనే అలాంటి మసక. సాలెగూడు గీతలు మాత్రం చివరి గాజు లోపలి ముఖం మీద, గడియారంలో 4 అంకె ఉండే చోట, గోరంత మేర. ఇంద్రధనుస్సు రంగులు ఎక్కడా లేవు. రెండుసార్లు చూశాను. నాన్నగారు కూడా భూతద్దం పెట్టి చూశారు.

మెత్తటి గుడ్డగా అమ్మ పాత పొందూరు ఖద్దరు చీర ముక్క వాడొచ్చా? ఏళ్లు ఉతికి వెన్నలా అయ్యింది. పనిముట్లు మాత్రం నా దగ్గర ఏమీ లేవు.

గంటస్తంభం_వాచీలు (విజయనగరం), ఆదివారం సాయంత్రం 4:30

అమ్మా, ఖద్దరు లోహానికి వాడండి, గాజుకు వద్దు. ఎంత మెత్తగా ఉన్నా నూలులో గంజి, దుమ్ము మిగిలి ఉంటాయి. గాజు మీది సన్నని పూత (కోటింగ్) పాడవడానికి ఒక్క ఇసుక రేణువు చాలు.

నేను వాచీలు, గోడ గడియారాలు బాగుచేస్తాను. కెమెరా లెన్సులూ చూస్తుంటాను. మీకు కావాల్సినవి చెప్తాను, ఎక్కువ ఖర్చు లేదు.

లెన్సు పేరు రాసి ఉన్న ముందు రింగు: పాత హవాయి చెప్పు రబ్బరును గుండ్రంగా కోయండి. లెన్సు ముందు భాగంలో పట్టేంత. మధ్యలో పెద్ద కన్నం చేయండి, రబ్బరు రింగుకే తగలాలి, గాజుకు తగలకూడదు. నొక్కిపెట్టి ఎడమకు తిప్పితే వస్తుంది.

వెనక గుంపు: దాని అంచున ఎదురెదురుగా రెండు గాళ్లుంటాయి. అందరూ జామెట్రీ బాక్సులో డివైడర్ పెడతారు. దాని కాళ్లు ఎడం అవుతాయి, జారుతుంది, జారితే నేరుగా గాజు మీదికే. హాక్సా బ్లేడు ముక్క తీసుకుని, రెండు చివర్లూ ఆ గాళ్లలో సరిగ్గా కూర్చునేలా రాయి మీద అరగదీయండి. మధ్య భాగం నెలవంకలా లోపలికి తీసేయండి. వెనక గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది, నేరు బ్లేడు పెడితే తగులుతుంది.

ఫోకస్ రింగు చుట్టూ ఉండే చిన్న తలలేని స్క్రూలకు వాచీ స్క్రూడ్రైవర్ కావాలి. మొన వెడల్పు గాడితో సమానంగా ఉండాలి. సన్నదైతే గాడి చెడుతుంది. రాకపోతే బలం పెట్టకండి. పాత వార్నిష్ పట్టుకుని ఉంటుంది. సూది మొనతో ఒక్క చుక్క అసిటోన్ ఆ స్క్రూ మీద మాత్రం వేసి పది నిమిషాలు ఆగండి. అవి పూర్తిగా ఊడదీయక్కర్లేదు, రింగు వదులైతే చాలు. కింద పడితే దొరకవు.

హీలియోస్ 44-2 ఒకే ఫ్యాక్టరీలో చేసింది కాదు. మీ దాని మీద పట్టకంలోంచి కిరణం దూసుకుపోతున్న గుర్తు ఉందా? ఉంటే క్రాస్నోగోర్‌స్క్ ఫ్యాక్టరీది. నంబరులో మొదటి రెండంకెలు 77 కాబట్టి 1977లో చేసింది. ఫ్యాక్టరీని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి. వీడియోలో చూపించిన చోట స్క్రూ లేకపోతే మీ లెన్సు చెప్పిందే వినండి.

తేలినీలాపురం_కొంగలు (టెక్కలి), ఆదివారం సాయంత్రం 5:05

గురువుగారి మాటకు ఒక్కటి కలుపుతాను. ప్రతి అడుగుకూ ఫోన్‌లో ఫోటో తీయండి. ఊడదీసినవి ఇడ్లీ రేకు గుంటల్లో వరుసగా పెట్టండి. మొదటి గుంట మొదటి భాగం, రెండో గుంట రెండోది. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావడమే. ఫ్యాన్ ఆపేయండి. టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిస్తే పడిన స్క్రూ దొర్లిపోదు.

గాజు గుంపు విప్పేముందు ఏ ముఖం ముందు వైపో గాజు అంచున పెన్సిల్‌తో చిన్న బాణం గీసుకోండి. రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉన్న గాజు చేతిలోకి వచ్చాక ఏది ముందో చెప్పడం చాలా కష్టం.

అరసవల్లి నీడలో ఉంటూ ఈ లెన్సు పేరు గమనించారా? హీలియోస్ అంటే గ్రీకులకు సూర్యుడు.

నాగావళి_గట్టు, మంగళవారం రాత్రి 11:20

వెనక గుంపు తీశాను! ఉన్నదున్నట్టు రాస్తాను, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

హాక్సా బ్లేడు అరగదీయడానికి నాకు గంటన్నర పట్టింది. నాన్నగారే కూర్చుని చివర్లు సరిచేశారు. గాళ్లలో పెట్టి తిప్పితే మొదట కదల్లేదు. లెన్సును తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని, బ్లేడు మీద బొటనవేళ్లు రెండూ నొక్కి నెమ్మదిగా ఒత్తాను. చిన్నగా 'టిక్' మంది. ఆ తర్వాత వేళ్లతోనే తిరిగింది. తుపాను తర్వాత ఆ లెన్సు తెరుచుకోవడం ఇదే మొదటిసారి. లోపలి నుంచి ట్రంకు పెట్టె వాసన వచ్చింది.

రేకుల పక్క ముఖం మీద మసక ఎలా ఉందంటే, చలికాలం పొద్దున బస్సు అద్దం మీద పట్టే ఆవిరిలా ఉంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము దులిపాను. టిష్యూకు రెండు చుక్కల ఆల్కహాల్ వేసి, మధ్య నుంచి అంచుకు చుట్టలు చుట్టినట్టు ఒక్కసారి తుడిచి ఆ టిష్యూ పారేశాను. నాలుగో టిష్యూకి గాజు కనపడకుండా పోయింది. అంత తేటగా ఉంది.

తర్వాత చివరి గాజును పట్టి ఉంచే రింగు తీసి, బాణం గీసుకుని, గాజు బయటికి తీశాను. పెరాక్సైడ్ టిష్యూ ఐదు నిమిషాలు ఉంచాను. గీతలు వదిలాయి. అయితే టార్చి ఏటవాలుగా వేస్తే, బూజు ఉన్న చోటే ఆకు ఈనెల్లాంటి లేత జాడ ఇంకా కనిపిస్తోంది. మళ్లీ చేశాను, పోలేదు. గట్టిగా రుద్దాలా?

బొబ్బిలి_కెమిస్ట్రీ, బుధవారం ఉదయం 6:40

రుద్దొద్దు మేడమ్. అది బూజు కాదు, బూజు వదిలిపోయిన గాయం. బూజు పెరుగుతూ ఆమ్లాలు వదులుతుంది, అవి కోటింగ్‌ను, ఒక్కోసారి గాజునూ తింటాయి. అక్కడ తీయడానికి ఏమీ లేదు. టూత్‌పేస్టు పెట్టి పాలిష్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. గోరంత జాడ ఫోటోలో కనపడదు. రుద్దితే మొత్తం కోటింగ్ పోయి, పోయిన కాంట్రాస్ట్ ఇక తిరిగి రాదు.

పాత_స్టూడియో, బుధవారం ఉదయం 8:15

సార్ చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గర అంచున అలాంటి జాడలున్న లెన్సుతో వందల పెళ్లిళ్లు తీశాను. ఎవరూ గుర్తుపట్టలేదు. ముందు గుంపు మసక కూడా తుడిచేస్తే సగానికి పైగా పని అయినట్టే. రేకుల మీద నూనె లేదు కదా? వాటిని ముట్టుకోకండి. ఆ రేకులు పొడిగానే ఉండాలి. తిరగడం లేదని నూనె చుక్క వేసేవాళ్లు కొందరున్నారు, అది మళ్లీ ఆవిరై గాజుకే చేరుతుంది.

ఏడురోడ్ల_కుర్రాడు, బుధవారం ఉదయం 9:30

ఫోకస్ రింగుకు కుట్టుమిషను నూనె వేస్తే వదులవుతుందా? నేను అలాగే చేద్దామనుకున్నాను.

గంటస్తంభం_వాచీలు, బుధవారం మధ్యాహ్నం 1:10

బాబూ, నూనె పల్చన. పాత గ్రీజును కొంచెం కరిగించి, రెండూ కలిసి రేకుల మీదికి పాకుతాయి. రెండు నెలలు బాగుంటుంది, తర్వాత మసక మళ్లీ మొదలు. తుప్పు వదిలించే స్ప్రే కూడా అంతే. పాత గ్రీజు పూర్తిగా తీసేసి కొత్తది పెట్టాలి.

అమ్మా, ఇక్కడ నిదానంగా చదవండి. ఈ పనంతటిలో ఎక్కువ లెన్సులు చెడేది ఇక్కడే. ఫోకస్ మరలు మామూలు సీసా మూతలా ఒకే చోట మొదలవవు. చుట్టూ చాలా చోట్ల మొదలయ్యే దారులుంటాయి. ఏ దారిలో పెట్టినా లోపలికి వెళ్తుంది, బాగానే తిరుగుతుంది. కానీ ఒక్క దారిలో పెడితేనే దూరపు కొండ స్పష్టంగా వస్తుంది.

అందుకని విప్పేటప్పుడు రెండు భాగాలూ సరిగ్గా విడిపోయే క్షణం కోసం చెయ్యి కనిపెట్టుకుని ఉండాలి. ఊడగానే ఆపి, రెండింటి మీదా ఒకే వరుసలో పెన్సిల్ గీత గీయండి. గట్టిగా లాగకండి, ఊడబోతోందని వేలికే తెలుస్తుంది. తర్వాత లైటర్ పెట్రోల్, పాత టూత్ బ్రష్, మీ పొందూరు ఖద్దరు ముక్క. మర గాడుల్లో నల్లటి మైనం లాంటిది వస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి.

కొత్త గ్రీజు అగ్గిపుల్ల తలంత చాలు, మరలంతా పల్చగా పులమండి. మోటారు సైకిలు గ్రీజు వద్దు, ఎండకు నూనె విడిచేస్తుంది. ఫోకస్ మరల కోసమే అమ్మే గట్టి గ్రీజు తెప్పించుకోండి.

తేలినీలాపురం_కొంగలు, బుధవారం సాయంత్రం 6:20

బిగించాక దూరపు ఫోకస్‌ను అడాప్టర్‌తో పరీక్షించకండి. చౌక అడాప్టర్లు చాలా వరకు కొంచెం పల్చగా ఉంటాయి, లెన్సు తప్పు దారిలో ఉన్నా ఒక్కోసారి సరిపోయినట్టే కనిపిస్తుంది. జెనిట్ మీదే చూడండి. వెనక తలుపు తెరిచి, ఫిల్ము నడిచే పట్టాల మీద బటర్ పేపర్ బిగుతుగా అతికించండి. షట్టర్ 'బి' మీద పెట్టి నొక్కి పట్టుకుంటే కాగితం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. రాత్రి దూరపు వీధి దీపం చూస్తే తేలికగా తెలుస్తుంది.

ఒక పక్క ప్రశ్న, పెద్దలెవరైనా చెప్పండి. నా సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్సు తేనె రంగుకు తిరిగింది. అదీ మసకేనా?

పాత_స్టూడియో, బుధవారం రాత్రి 8:00

కాదు బాబూ, దాన్ని విప్పినా ప్రయోజనం లేదు. అందులో ఒక గాజులో థోరియం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజే పసుపెక్కుతుంది. ఎండలో రోజుల తరబడి పెడితే చాలా వరకు తేటపడుతుంది. వెనక వైపు అల్యూమినియం రేకు చుట్టండి, ఎండ లోపలి నుంచి అవతలికి దూసుకుపోకూడదు. లెన్సు ఎండను ఒకచోట పోగుచేస్తే నిప్పంటుకుంటుంది. ఎండు గడ్డి, కర్టెన్ల దగ్గర పెట్టకండి.

నాగావళి_గట్టు, శనివారం రాత్రి 10:45

ముందు గుంపు మసక పోయింది. హవాయి చెప్పు రబ్బరు మొదటి ప్రయత్నంలోనే పనిచేసింది.

ఫోకస్ మరలు మాత్రం రెండు రాత్రులు తీసుకున్నాయి. విడిపోయే క్షణం పట్టుకున్నాను, గీతలు గీశాను. గ్రీజు అంతా తీశాక చూస్తే లోహం గాడులు ఇత్తడి చెంబు తోమినట్టు మెరిశాయి. బిగించి జెనిట్‌లో బటర్ పేపర్ పెట్టి చూస్తే నాగావళి అవతలి ఒడ్డు దీపాలు ఉబ్బిన బంతుల్లా ఉన్నాయి. రింగు చివరిదాకా తిప్పినా చుక్కలు కాలేదు. కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. అప్పుడు తెలిసింది, తుడిచేటప్పుడు పెట్రోల్‌తో పాటు ఒక పెన్సిల్ గీత కూడా పోయింది. విడిపోయినప్పుడు తీసిన ఫోటో చూసి, పక్క దారిలోకి మార్చాను. ఇంకా కాలేదు. మూడోసారి మార్చాను. నాన్నగారు టార్చి ఆర్పేసి "ఇప్పుడు చూడమ్మా" అన్నారు. కాగితం మీద దీపాలు సూది మొనల్లా నిలబడ్డాయి.

విప్పే వాళ్లెవరైనా పెన్సిల్ గీతతో సరిపెట్టకండి, ఫోన్ ఫోటో కూడా తీయండి. పెట్రోల్‌కు నా గీత నిలవలేదు.

ఇప్పుడు రింగు ఒక్క వేలితో తిరుగుతోంది.

బొబ్బిలి_కెమిస్ట్రీ, ఆదివారం ఉదయం 7:10

చాలా సంతోషం మేడమ్. ఇప్పుడు దాచే విషయం. ఆ తోలు కవరులో మళ్లీ పెట్టకండి, బూజు గింజలు తోలులోనే ఉంటాయి. జ్ఞాపకం కోసం విడిగా ఉంచుకోండి. మన తీరంలో వర్షాకాలం గాలిలో తేమ 65 శాతం దాటి ఉండడం మామూలే, బూజుకు అంతకన్నా ఏం కావాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో నీలం రంగు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. అవి గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. చిన్న తేమ మీటరు డబ్బాలో వేస్తే మంచిది, 40, 50 మధ్య ఉండేలా చూసుకోండి. బియ్యంలో పెట్టకండి, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. ఇంకొకటి, వారానికోసారి తీసి వాడండి. వాడే లెన్సుకు బూజు పట్టడం అరుదు.

నాగావళి_గట్టు, ఆదివారం రాత్రి 8:30

ఈ సాయంత్రం మొదటి ఫోటో తీశాను. వంతెన దగ్గర నాన్నగారు, వెనక నది మీద ఎండ. ఎఫ్/2లోనే తీశాను. వారం కిందట ఇదే చోట తీసిన ఫోటోలో ఆయన ముఖం కనపడకుండా తెల్లబడింది. ఇప్పుడు కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వెనక నీటి మెరుపులు సుడి తిరిగినట్టు ఉన్నాయి. ఎదురెండకు బొమ్మలో వెలుగు కొంచెం చెలరేగుతుంది, ఈ లెన్సు స్వభావమే అది అని నాన్నగారన్నారు. పాత ఆల్బం తీసి అమ్మ ఫోటో చూపించారు, అందులోనూ అదే మెరుపు.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వస్తున్నాం. ఈ లెన్సుతోనే తీస్తాను.

ఏడురోడ్ల_కుర్రాడు, ఆదివారం రాత్రి 9:05

అక్కా, చూస్తుంటే నాకూ ధైర్యం వచ్చింది. గురువుగారూ, నా ఎనిమిది రేకులు తీసుకుని మీ దగ్గరికి రావచ్చా? పేర్చడం కళ్లారా చూసి నేర్చుకుంటాను. సిరిమాను రోజు మంగళవారం నేనూ అక్కడే ఉంటాను.

గంటస్తంభం_వాచీలు, ఆదివారం రాత్రి 9:40

రా బాబూ, కానీ మంగళవారం వద్దు. ఆ రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు, నేను కూడా అమ్మవారి దగ్గరే ఉంటాను. గురువారం పొద్దున పది గంటలకు రా. రేకులను ఒకదాని మీద ఒకటి రాసుకోకుండా కాగితంలో విడివిడిగా చుట్టి తీసుకురా. వంగినవి ఉంటే సరిచేయడానికి ప్రయత్నించకు, అలాగే తే. రేకులు కూర్చునే రింగు, దాని పై మూత రెండూ మర్చిపోవద్దు.